ఇరుసు ఏ గీత మీద ఉంది

ఆనెస్తిస్ బండి వెనక చక్రం నట్టు పంతొమ్మిదో నంబరుది. నట్టుకి ఆరు మూలలుండాలి. నేను చూసేసరికి ఒక్కటీ లేదు. చప్పరించి ఉమ్మేసిన పిప్పరమెంటు బిళ్ళలా నున్నగా అరిగిపోయి ఉంది.

ముందుగా ఈ సంగతే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిందంతా ఆ నట్టు చుట్టూనే తిరిగింది. మనిషి చచ్చిపోతే మాటలు మనిషి చుట్టూ తిరగాలి. మాలాంటివాళ్ళు చచ్చిపోతే నట్టు చుట్టూ తిరుగుతాయి.

మేము పెరామా అనే రేవు పేటలో డెలివరీ బండ్లు నడుపుతాం. ఓడలు బాగుచేసే యార్డులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాక, అక్కడ పని చేసిన మగాళ్ళూ ఆడాళ్ళూ సగం మంది ఇప్పుడు సువ్లాకి, అదే పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం, పొట్లాలు కట్టించుకుని మోస్తున్నారు. మా బండ్లని ఇక్కడ చిన్నాపెద్దా అందరూ 'బాతు' అంటారు. చిన్న ఇంజను, ముందు రెండు ప్లాస్టిక్ రెక్కలు, ఎంత తన్నినా గునుసుకుంటూ నడిచే రకం. కంపెనీ కాగితాల్లో మేము కూలీలం కాదు, భాగస్వాములం. అంటే లాభం వాళ్ళ భాగం. బండి, వాన, విరిగిన ఎముక మా భాగం. బండిని షెడ్డులో పెడితే ఆ రెండ్రోజులూ యాప్‌లో మన పేరు కిందికి జారుతుంది. పేరు జారితే ఆర్డర్లు పడే మంచి వేళలు ఇంకొకరికి పోతాయి. అందుకని ఎవరి బండి వాళ్ళే రోడ్డు పక్కన, ఒక ఆర్డరుకీ ఇంకో ఆర్డరుకీ మధ్య, చేతికి దొరికినదానితో బాగుచేసుకుంటారు.

చేతికి దొరికేది ఎప్పుడూ ఒకటే. ఫ్రెంచి పానా. పిడి దగ్గర మర తిప్పితే దాని దవడ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అన్ని నట్లకీ సరిపోతుంది, ఏ ఒక్కదాన్నీ గట్టిగా పట్టుకోదు. మా ఇళ్ళల్లో రొట్టె కోసే కత్తి ఉండే సొరుగులోనే అదీ ఉంటుంది. దానికి తోడు మా దగ్గర ఇంకో మాట ఉంది, పాతెంత. అసలు వస్తువు లేకపోయినా ఏదో ఒకటి పెట్టి పని నడిపించెయ్యడం. ఇంకో దేశంలో అది తిట్టేమో, మా దగ్గర బిరుదు. పగిలిన గొట్టానికి మేజోడు చుట్టి పడవని రేవుకి చేర్చినవాడిని కాఫీ కొట్లో కుర్చీ లాగి కూర్చోబెడతారు. డబ్బు పోసి సరైన పానా కొన్నవాడిని చూసి నవ్వుతారు.

మా పేటలో పాతెంతలకి రాజు మేనియోస్. యార్డులో వెల్డరు. ఆనెస్తిస్ కూతురికి జ్ఞానస్నానం చేయించి పేరు పెట్టినవాడు, కాబట్టి ఆ ఇంటికి కుంబారోస్. రక్తసంబంధం లేదుగానీ, మా లెక్కలో అంతకన్నా దగ్గర. ఆనెస్తిస్ బండి గొలుసు వదులైతే వెనక చక్రం జరిపి బిగించింది అతనే. ఫ్రెంచి పానాతోనే.

ఫిబ్రవరి వానలో, రేవుకి దిగే వాలు రోడ్డు మలుపులో ఆనెస్తిస్ పడ్డాడు. వెనక లారీ ఆగలేకపోయింది. పెట్టెలో సూపు ఇంకా వేడిగానే ఉందని ఎవరో చెప్పారు. ఆ మాట ఎందుకు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

పోలీసులు 'తడి రోడ్డు, జారిపడ్డాడు' అని రాసుకుని కొన్నాళ్ళకి బండిని ఇంటికి తోలేశారు. వాన వల్ల పడితే అది పనిలో జరిగిన ప్రమాదం, బీమా వస్తుంది. బీమా వస్తే అతని పెళ్ళాం లెమోనియా, ఆ పిల్లా ఆ ఇంట్లోనే ఉంటారు. రాకపోతే ఇల్లు ఖాళీ చేసి ఎక్కడో కొండ ఊళ్ళో ఉన్న ఆమె అన్న ఇంట్లో ఒక గది కోసం దేబిరించాలి. బండిని సరిగా చూసుకోనందువల్ల పడ్డాడని తేలితే చిల్లిగవ్వ రాదని బీమా కాగితంలోనే ఉంది. బండి చూడటానికి తమ మనిషి వస్తున్నాడని బీమావాళ్ళు ఫోను చేశారు.

ఆ ఫోను వచ్చిన మధ్యాహ్నం లెమోనియా నన్ను పిలిపించింది. యూనియను పనులు చూస్తాను కాబట్టి చావులకీ గొడవలకీ నన్నే పిలుస్తారు. పెరట్లో టార్పాలిన్ తీసి మేనియోస్ నిలబడ్డాడు. వంగిన హ్యాండిలు, పగిలిన రెక్క, ఒళ్ళంతా రేవు మట్టి. నేను వెనక చక్రం దగ్గర కూర్చుని వేలితో మట్టి తుడిచాను.

"ఈ నట్టుని ఎవరు నమిలారు?"

"నేనే. ఇంకెవరు నములుతారు?" అన్నాడు మేనియోస్. "కాఫీ కొట్టు ముందు. వాడి ఫోను మోగుతోంది, ఆర్డరు. నా జేబులో ఫ్రెంచిదే ఉంది. పట్టాను, జారింది. మళ్ళీ పట్టాను, మళ్ళీ జారింది. ఆఖరికి బిగిసింది."

"బిగిసిందా, బిగిసిందనుకున్నావా?"

అతను పగిలిన రెక్కని అటూ ఇటూ కదిపాడు.

"పిన్ను ఏది?" అన్నాను. నట్టు ఊడిపోకుండా ఇరుసు చివర చిల్లులో ఒక పిన్ను దూర్చి కాళ్ళు మడుస్తారు. ఆ చిల్లులో గ్రీజు, మట్టి, మధ్యలో ఏదో నల్లటి తీగ ముక్క.

"దొరికిందాకా ఏదో ఒకటి పెట్టుకోరా అన్నాను. పెట్టుకున్నట్టున్నాడు."

లెమోనియా మెట్టు మీద కూర్చుని పళ్ళెంలో పప్పు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఈ నట్టు తీసేసి కొత్తది వేస్తా," అన్నాడు మేనియోస్. "బీమావాడు చూస్తే చక్రం వదులుగా ఉండి పడ్డాడంటాడు. అంతే, అయిపోయింది."

"ముట్టుకోకు," అన్నాను. "అరిగింది అరిగినట్టే ఉండనీ. అడిగితే చెబుదాం. అవును, వీధిలో బిగించాం. ఎందుకు బిగించాం? షెడ్డుకి పోతే మా వేళలు కోసేస్తారు కాబట్టి. ఆ మాట కోర్టులో అరుద్దాం. ఆనెస్తిస్ ఒక్కడిదే కాదు, ఈ పేటలో సగం బాతులకి ఇలాంటి నట్లే ఉన్నాయి. అన్నీ తీసుకెళ్ళి జడ్జీ బల్ల మీద పోద్దాం."

"నీ కోర్టు తీర్పు చెప్పేసరికి ఆనెస్తిస్ కూతురు, నా బంగారు తల్లి, మనవళ్ళని ఎత్తుకుంటుంది సెవాస్తీ. నువ్వు అప్పటికీ కరపత్రాలు పంచుతూనే ఉంటావు."

"నీ పానా మాత్రం తీర్పు తొందరగానే చెప్పింది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కాదు, అనాల్సిందే. కానీ అతని మొహం చూశాక ఇంకేమీ మాట్లాడలేకపోయాను.

లెమోనియా పళ్ళెం పక్కన పెట్టింది. "యార్డులో ఉన్నప్పుడూ మీరిద్దరూ ఇలాగే కాట్లాడుకునేవారంట. ఆయన చెప్పేవాడు." ఒళ్ళో పడ్డ పొట్టు దులుపుకుంది. "అక్కా, నువ్వన్నది నిజమే అయుండొచ్చు. నీ నిజం మా ఇంటి అద్దె కట్టదు కదా. కోర్టు తర్వాత. ముందు పిల్లకి గోడలుండాలి."

"లెమోనియా, ముట్టుకుంటే అది..."

"మార్చండి," అంది. తర్వాత మేనియోస్ వైపు తిరిగింది. "కుంబారే, మార్చేదేదో సరిగ్గా మార్చు. ఈసారైనా."

ఈసారైనా అన్న మాట అతని మెడ మీద దెబ్బలా పడింది. నేను చూశాను.

బండి ఆమెది, చావు ఆమెది. నేను తలూపాను. నాకు ఇష్టం లేని తీర్మానాలకి కూడా చెయ్యెత్తడం నాకు అలవాటే. ఎత్తాక పనిలో దిగడం కూడా అలవాటే.

కీర్ సారాంతిస్ ఇనుప సామాన్ల కొట్టు చర్చి వెనక సందులో ఉంది, కీర్ అంటే అయ్యగారు. ముసలాయన, కళ్ళజోడు నుదుటి మీద, నోట్లో వెలిగించని సిగరెట్టు. మేస్త్రీని మేము మాస్తోరా అంటాం, మేనియోస్‌ని చూడగానే ఆ పిలుపుతోనే మొదలుపెట్టాడు.

"రండి మాస్తోరా. దారి తప్పారా? ఇంకో ఫ్రెంచిది కావాలా, పాతదానికి పళ్ళూడాయా?"

"పంతొమ్మిది నంబరు," అన్నాడు మేనియోస్. "అరిగిన నట్టు తియ్యాలి."

"ఎంత అరిగింది?"

"ఈయన నెత్తంత," అన్నాను. మేనియోస్‌కి ఒక్క వెంట్రుక లేదు.

ముసలాయన దగ్గుతూ నవ్వాడు. సొరుగులు లాగి కౌంటరు మీద పెట్టడం మొదలుపెట్టాడు. "ఇది నట్టుని నిలువునా చీలుస్తుంది. తొందరగా అయిపోతుంది, కానీ చెయ్యి వణికితే ఇరుసు మర కూడా పోతుంది. ఇది చూడు." బొద్దుగా ఉన్న ఒక సాకెట్టు తీశాడు. సాకెట్లని మేము అక్రోటుకాయలంటాం. దాని లోపల మెలితిరిగిన పళ్ళున్నాయి. "ఈ అక్రోటుని సుత్తితో కొట్టి ఎక్కించు. తిప్పేకొద్దీ కరుచుకుంటుంది. నున్నటిదైనా వదలదు. పని అయ్యాక నట్టు ఇంక దేనికీ పనికిరాదు, దాని మీద ఏ గుర్తులున్నా పోతాయి."

ఆ చివరి మాట ఆయన ఎందుకన్నాడో నాకు తెలియదు. మేనియోస్ దాన్ని తీసి పక్కన పెట్టుకున్నాడు. తర్వాత గాజు తలుపు వెనకున్న ఎర్ర పెట్టె వైపు చూశాడు. నూటెనిమిది వస్తువుల పెట్టె, మెరిసిపోతోంది.

"కొత్త నట్టు బిగించడానికి అది..."

"అది బావమరిదికి పుట్టినరోజున ఇవ్వడానికి," అన్నాడు కీర్ సారాంతిస్. "అందులో అన్నీ పన్నెండు మూలలవి. గబుక్కున ఎక్కుతాయి, గబుక్కున జారతాయి. ఇనుమా? వెన్న. నీకు కావాల్సింది ఆరు మూలలది, ఒక్కటి. ఇదిగో. పట్టి చూడు."

మేనియోస్ చేతిలో పెట్టుకుని బరువు చూశాడు. వెల్డరు చెయ్యి కదా, ఇనుము మంచీచెడూ దానికి తెలుసు. ఎప్పుడూ తెలుసు. తెలిసీ జేబులో ఫ్రెంచిది పెట్టుకుని తిరిగాడు, మేమందరమూ తిరిగినట్టే.

"ఎంత బిగించాలో తెలుసా?" అన్నాడు ముసలాయన.

"చేతికి తెలుస్తుంది."

"చేతికి తెలుస్తుందనుకునేవాళ్ళ వల్లే నా కొట్టు నడుస్తోంది." కౌంటరు కింద నుంచి పొడుగాటి పెట్టె తీశాడు. లోపల పిడి మీద అంకెలున్న పానా. "అంకె పెట్టుకుని బిగించు. చాలినంత అయ్యాక టక్కుమంటుంది. అక్కడ ఆపు. ఇది అమ్మను, అరువిస్తా. ఈ పేటలో ఇంతవరకూ ఒక్కడు కూడా దీన్ని కొనలేదు." ఒక చిన్న పొట్లంలో కొత్త నట్టూ రెండు పిన్నులూ వేశాడు. అప్పుడు అడిగాడు. "ఎవరి బండి?"

మేనియోస్ పొట్లం జేబులో పెట్టుకున్నాడు. నేను చిల్లర లెక్కపెట్టాను. ఆయనకి అర్థమైంది. సిగరెట్టు నోట్లోంచి తీసి కౌంటరు మీద పెట్టాడు.

"వాడు ఆ అద్దం దగ్గర ఆగి ఈ పానాలు చూసేవాడు. తీసుకోరా, తర్వాత ఇద్దువు అంటే, వద్దులే కీర్ సారాంతిస్, మా కుంబారోస్ దగ్గర ఫ్రెంచిది ఉందిగా అనేవాడు."

దారంతా మేనియోస్ ఆ పొడుగు పెట్టెని చంకలో పెట్టుకుని ముందు నడిచాడు.

పెరట్లో అతను పని మొదలుపెట్టిన తీరు చూస్తే వేరే మనిషి అనిపించింది. మామూలుగా అయితే తుడవడం ఉండదు, చూడటం ఉండదు, పట్టు, తిప్పు, తిట్టు. ఆ రోజు ముందు డబ్బాలో పెట్రోలు పోసుకుని బ్రష్షు తీసుకున్నాడు. నట్టు చుట్టూ తోమాడు. ఇరుసు తోమాడు. ఇరుసు పట్టే కమ్మీ తోమాడు, అటువైపూ ఇటువైపూ, గొలుసు జరిపే మరలతో సహా. అసలు ఇనుము రంగు బయటపడేదాకా తోమాడు. మట్టి నల్లగా కరిగి రాళ్ళ మీదికి కారిపోయింది. శవానికి స్నానం చేయించినట్టే ఉంది, నాకు అలాగే అనిపించింది.

తర్వాత చిల్లులోని తీగని సన్నటి పోగరతో బయటికి తోశాడు. సగం ముక్క. అరచేతిలో పెట్టుకుని తుడిచాడు. నల్ల రంగు, వంకీలు తిరిగిన కాలు.

"అది నాది," అంది లెమోనియా.

ఎప్పుడు మెట్టు దిగి వచ్చిందో మేము చూడలేదు.

"జుట్టు పిన్ను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, నీ తలలోది ఒకటివ్వు, మేనియోస్ ఏదో ఒకటి పెట్టుకోమన్నాడు అన్నాడు. తీసిచ్చా. దాన్ని వంచుతూ, ఇంక నీ జుట్టే నన్ను పట్టుకుంటుంది అన్నాడు." ముక్కని మేనియోస్ చేతిలోంచి తీసుకుంది. "నేను నవ్వాను. తొందరగా కానియ్, సూపు చల్లారుతోంది అన్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆమె ముక్కని గుప్పిట్లో పెట్టుకుని మళ్ళీ మెట్టు మీద కూర్చుంది.

మేనియోస్ అక్రోటుని నట్టు మీద పెట్టి సుత్తితో కొట్టాడు. ఎక్కింది. పొడుగు పిడి తగిలించి తిప్పాడు. మొదట ఏమీ కాలేదు, తర్వాత ఎండిన కర్ర విరిగినట్టు చిన్న చప్పుడు. నట్టు తిరిగి బయటికొచ్చింది. అది ముందు ఎంత బిగువుగా ఉందో తెలుసుకుందామని నేను అతని చేతుల వైపే చూస్తున్నాను. ఆ పొడుగు పిడితో ఏమీ తెలియలేదు. బహుశా అతనికి తెలిసిందేమో. అడగలేదు.

పాత నట్టుని తీసుకుని సందు చివరికి నడిచాడు. అక్కడి నుంచి కింద సముద్రం. చెయ్యి విసిరాడు. తిరిగొచ్చాడు.

ఇరుసు పట్టే కమ్మీకి రెండు వైపులా చిన్న చిన్న గీతలుంటాయి. చక్రం వంకర లేకుండా ఉండాలంటే రెండు వైపులా ఇరుసు ఒకే గీత మీద ఉండాలి. మేనియోస్ చక్రాన్ని అరచేత్తో తట్టి ఇటు చూశాడు, అటు వెళ్ళి వంగి చూశాడు, మళ్ళీ తట్టాడు. "ఇటు మూడు. అటు మూడు," అని తనలో తను అనుకున్నాడు. కొత్త నట్టు వేశాడు, ఆరు మూలల సాకెట్టు ఎక్కించాడు, అరువు తెచ్చిన పానాలో అంకె పెట్టి మెల్లగా లాగాడు.

టక్.

ఆగాడు. కొత్త పిన్ను దూర్చి కాళ్ళు రెండూ నట్టు చుట్టూ ఒదిగేట్టు మడిచాడు. బట్టతో తుడిచాడు. ఆ పని చూసి అతని మొహంలో ఏదో కదిలింది. చేతిపనివాడికి పని కుదిరినప్పుడు వచ్చే వెలుగు. వెంటనే సిగ్గుపడి ఆర్పేసుకున్నాడు. మేనియోస్ ఒక పనిని మొదలు నుంచి చివరిదాకా ఉండాల్సిన పద్ధతిలో చెయ్యడం నేను చూసింది అదే మొదటిసారి.

బీమా మనిషి రెండ్రోజుల తర్వాత, పొద్దున్నే వచ్చాడు. నేను ఒక పందిని ఊహించుకున్నాను. పంది వస్తే బాగుండేది, తిట్టడానికి. వచ్చింది సన్నగా, తడిసిన బూట్లతో, జలుబు చేసిన మనిషి. లెమోనియా చెయ్యి పట్టుకుని "దేవుడు మీకు ఆయుష్షు ఇవ్వాలి కీరియా" అన్నాడు, కీరియా అంటే అమ్మగారు, మిగతాది మా దగ్గర చావింట్లో అనే మాట. కాఫీ వద్దన్నాడు, తర్వాత తాగాడు. చిన్న టార్చి తీసి బండి చుట్టూ తిరిగాడు. ముందు బ్రేకు చూశాడు. టైరు గీతల్లో వేలు పెట్టి చూశాడు. లైటు చూశాడు. రాసుకున్నాడు. మేనియోస్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, రెండు చేతులూ జేబుల్లో.

మనిషి వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు.

"విచిత్రంగా ఉందే," అన్నాడు చివరికి. "ఈ బండి మొత్తం మీద ఒక్కటే సరిగ్గా ఉంది."

టార్చిని బండి మొత్తం మీద తిప్పాడు.

"బ్రేకు తీగకి ముడి వేసి ఉంది. సీటు కింద చెక్క ముక్క. అద్దాన్ని టేపుతో అతికించారు. ఇక్కడ మాత్రం కొత్త నట్టు, కొత్త పిన్ను, పుస్తకంలో బొమ్మలా మడిచిన కాళ్ళు. మట్టి లేదు. ఒక్క వానచుక్క మరక లేదు." మేనియోస్ వైపు తిరిగాడు. "ఎవరు చేశారు మాస్తోరా? మంచి పని."

మేనియోస్ నోరు తెరిచాడు. నేను ముందే మాట్లాడాను. "షెడ్డులో చేయించాడు. చనిపోయే ముందు."

"పోలీసుల దగ్గర తీసిన ఫొటోలు నా దగ్గరున్నాయి కీరియా. ఇక్కడంతా మట్టి ముద్ద." అతను గొంతు పెంచలేదు. "పాత నట్టు ఇవ్వండి."

"సముద్రంలో ఉంది," అన్నాడు మేనియోస్. "నేనే మార్చాను. నేనే పారేశాను. ముందు బిగించిందీ నేనే. ఫ్రెంచి పానాతో. మూలలు పోయాయి. రాసుకో."

లెమోనియా వచ్చి గుప్పిట తెరిచింది. "పిన్ను బదులు ఇది ఉంది. ఇది నేనిచ్చాను. ఇది కూడా రాసుకోండి."

మనిషి ఆ ముక్కని చూశాడు, ముట్టుకోలేదు. చీదుకుని రుమాలు జేబులో పెట్టుకున్నాడు. అతనికి కోపం రాలేదు. అలసట వచ్చినట్టుంది.

"ఎందుకు ముట్టుకున్నారు?" అన్నాడు. "నేను నట్టు కోసం రాలేదు. బ్రేకూ, చక్రమూ చూడటానికొచ్చాను. బ్రేకు ముడి ఉన్నా పడుతోంది. అరిగిన నట్లు నాకు కొత్తా? ఈ కొండ మీద ప్రతి బాతుకీ ఉంటాయి. నట్టు అరిగినంత మాత్రాన చక్రం కదలాలని లేదు. అరిగినది కూడా గట్టిగానే పట్టి ఉండొచ్చు. జుట్టు పిన్ను కూడా పడ్డప్పుడు విరిగి ఉండొచ్చు. కదిలిందో లేదో చెప్పేది నట్టు కాదు." టార్చి వెలుగుని కమ్మీ మీదికి తిప్పాడు. "ఈ గీతలు. నడుస్తుండగా చక్రం కదిలితే ఇరుసు ఒకవైపు జరిగి ఉండేది. వాషరు కింద గీసుకుపోయిన మచ్చ ఉండేది. ఉంటే బండి తప్పు. లేకపోతే వాన. ఆ ఫొటోల్లో మట్టి తప్ప ఏమీ కనపడదు, అందుకే నా కళ్ళతో చూడాలి." ఆగాడు. "మీరు తీసేముందు ఇరుసు ఏ గీత మీద ఉంది?"

మేనియోస్ చేతులు జేబుల్లోంచి బయటికి తీశాడు.

"రెండు వైపులా సమానంగా ఉందా? ఎవరైనా చూశారా?"

నేను నట్టు చూశాను. పిన్ను చూశాను. అతని చేతులు చూశాను. గీతలు చూడలేదు. గీతలు బయటపడేసరికి బ్రష్షు వాటి మీద ఎన్నిసార్లు తిరిగిందో, అరచెయ్యి చక్రాన్ని ఎన్నిసార్లు తట్టిందో. తర్వాత మూడు, మూడు. ఎక్కడి నుంచి జరిగి మూడుకి వచ్చిందో ఆ పెరట్లో ఎవరికీ తెలియదు.

"తోమేశాను," అన్నాడు మేనియోస్. "సరిగ్గా చెయ్యాలని తోమేశాను."

మనిషి కాగితం మూశాడు. లెమోనియాకి దండం పెట్టినట్టు తల వంచి వెళ్ళిపోయాడు. ఈస్టరుకి ముందు ఉత్తరం వచ్చింది. బండి ఆనవాళ్ళు మార్చారు కాబట్టి కారణం తేల్చలేము, కారణం తేలలేదు కాబట్టి చెల్లించలేము. రెండు ముక్కలు. కాఫీ కొట్టు ముందు ఫోను ఎందుకు ఆగకుండా మోగిందో, షెడ్డుకి పోతే వేళలు ఎవరు కోస్తారో, పెరామాలో ఫ్రెంచి పానా ప్రతి జేబులోనూ ఎందుకుందో, ఆ ఉత్తరంలో లేదు. ఏ ఉత్తరంలోనూ ఉండదు. అందుకే నేను రాస్తున్నాను, నాకు రాయడం రాకపోయినా.

ఆనెస్తిస్ పోయిన నలభయ్యో రోజు, చర్చిలో అతని పేర ఉడికించిన గోధుమలు పంచాక లెమోనియా సామాన్లు సర్దుకుంది. అన్న వ్యాను తెచ్చాడు. పిల్ల ముందు సీట్లో కూర్చుంది. మేనియోస్ మంచం మోశాడు, బీరువా మోశాడు, వ్యాను వెనక తలుపు గడియ పడకపోతే అలవాటు కొద్దీ జేబులోంచి తీగ తీశాడు. తీసి, దాన్ని చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కీర్ సారాంతిస్ కొట్టుకి నడిచి వెళ్ళి కొత్త గడియ తెచ్చి బిగించాడు. అప్పటిదాకా వ్యాను ఆగింది.

"వస్తాం కుంబారే," అంది లెమోనియా. ఆమె జుట్టు తాడుతో కట్టుకుంది.

అతను ఆమెని ఏదో అడగబోతున్నాడని నాకు తెలుసు. అడిగాడు. "ఆ బండి వచ్చిన రోజు నువ్వేమైనా చూశావా? ఇరుసు ఏ గీత మీద ఉందో?"

"మట్టి ఉంది కుంబారే," అంది. "మట్టే చూశాను."

కేసు వేశాను. నడుస్తోంది. కంపెనీ వకీలు ప్రతి వాయిదాకీ ఆ ఉత్తరమే చదువుతాడు.

ఇప్పుడు స్టాండు దగ్గర మేనియోస్ నడుముకి గుడ్డ సంచీ ఉంటుంది, అందులో ఆరు మూలల సాకెట్లు, రింగు పానాలు. నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరి బండైనా చేసి పెడతాడు, టక్కుమనేదాకా. పాతెంత అన్న మాట అతని ముందు ఎవరూ అనరు. కానీ ఇది బాగుపడటం అని ఎవరైనా అనుకుంటే వాళ్ళు అతని కళ్ళు చూడలేదన్నమాట. చక్రం కదలకపోయి ఉంటే ఆనెస్తిస్‌ని వాన చంపింది. కదిలి ఉంటే తను చంపాడు. ఆ రెండిట్లో ఏదో తెలుసుకునే దారిని తనే బ్రష్షుతో తోమేసుకున్నాడు.

నిన్న పొద్దున వాన పడుతోంది. నా ఫోను మోగింది, ఆర్డరు. నేను బండి ఎక్కేలోపు అతను వచ్చి రోడ్డు మీద నీళ్ళల్లోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వెనక చక్రం కుడివైపు చూశాడు. లేచి ఇటు తిరిగొచ్చి ఎడమవైపు చూశాడు. బొటనవేలితో మట్టి తుడిచి మళ్ళీ చూశాడు. ఫోను మోగుతూనే ఉంది.

"నీది నాలుగు, నాలుగు, సెవాస్తీ," అన్నాడు. "గుర్తుపెట్టుకో. నాలుగు, నాలుగు. ఇంక వెళ్ళు."